మూత పడిన చోటు

చెవి వెనక పెట్టుకునే మిషను తీసి స్టీలు ట్రేలో పెట్టారు. కమ్మలు, ఉంగరం తీసి కూతురి గుప్పిట్లో పోశారు. కళ్లజోడు మాత్రం లోపలికి తీసుకెళ్లేదాకా ఉంచుకోవచ్చని నర్సు తన కళ్ల దగ్గర రెండు వేళ్లు పెట్టి చూపించింది. ఇక ఆమెకంటూ మిగిలింది మంచం మీద తొడను ఆనుకుని ఉన్న పాత టేప్‌రికార్డరు ఒక్కటే. దాని పిడి ఎప్పుడో విరిగిపోయింది, క్యాసెట్టు జారకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. కూతురు దాన్ని సంకలో పెట్టుకుని దుకాణాల చుట్టూ తిరిగి, ఇలాంటివి బాగుచేసే ముసలాయన్ని ఎక్కడో పట్టుకుని, లోపలి బెల్టు మార్పించి తెచ్చింది. ఇంకో గంటలో వచ్చి తీసుకెళ్తారట. క్యాసెట్టు అటూ ఇటూ కలిపితే గంటే కదా అన్నట్టు కూతురు దాన్ని తిప్పి చూపించి నవ్వింది. ఆమె కూడా నవ్వింది, తల ఊపింది. ఈ మధ్య తల ఊపడం ఆమెకి ఊపిరి పీల్చుకున్నంత అలవాటైపోయింది. చెవి లోపల మిషను పెట్టే ఈ ఆపరేషనుకి ఒప్పుకున్న రోజు కూడా ఇలాగే ఊపింది. అది నిజంగా సరేనా, లేక పాల ప్యాకెట్లు రెండు వెయ్యమంటారా అన్నా, మీ ఇల్లు కాలిపోతోందండీ అన్నా ఊపే ఊపేనా అన్నది ఎవరికీ తెలీదు. అసలు సంగతేమిటంటే ఆమెకే తెలీదు. తెలుసుకోవడానికి ఇంకో గంట ఉంది.

ఎడమ చెవి చిన్నప్పుడు వచ్చిన జ్వరంతోనే పోయింది. కుడిది ఇన్నేళ్లూ ఇద్దరి చాకిరీ ఒక్కతే చేసి, అలిసిపోయి, చప్పుళ్లని ఒక్కొక్కటిగా చేజార్చుకుంటూ వచ్చింది. ముందు పిట్టలు పోయాయి. పిట్టలు పోయాయని ఎవరికి తెలుస్తుంది, అవి మానేశాయేమో అనుకుంటాం. తర్వాత ఫోను మోత, తలుపు గంట, కుట్టుమిషన్లో దారం తెగినప్పుడు వచ్చే చిన్న టక్కు, ఆ తర్వాత ఆడవాళ్ల గొంతులు. తన దుకాణానికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, కాబట్టి వాళ్ల పెదాలు చూస్తూ కొలతలు రాసుకోవడం నేర్చుకుంది. మిగిలినవి బరువైన చప్పుళ్లే. ఉరుము, లారీ, పైఅంతస్తులో బీరువా జరపడం. డాక్టరు కూతురితో చెబుతుంటే ఆమె ఆయన మూతి వంకే చూస్తూ కూర్చుంది. "మాటలు తెలుస్తాయమ్మా. నెమ్మదిగా అలవాటవుతాయి. పాటలు మాత్రం ఇదివరకులా ఉండవు. ఇప్పుడున్న కాస్త వినికిడీ నిలుస్తుందని నేను మాటివ్వలేను." కాస్త అన్నప్పుడు ఆయన బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చాడు. ఆ రెండు వేళ్ల మధ్య ఎంత ఉందో ఆయనకేం తెలుసు. ఆ సందులో ఒక డ్రమ్ము ఉంది, ఒక బేస్ గిటారు ఉంది, నీళ్లలోకి దిగుతున్న ఒక ఇనప గొలుసు ఉంది.

ఆమె మీట నొక్కింది. అరచెయ్యి స్పీకరు జల్లెడ మీద ఆనించి, కుడి చెవి దానికి దగ్గరగా వంచింది. కూతురు శబ్దం చక్రాన్ని చివరిదాకా తిప్పి, తను కాస్త వెనక్కి జరిగింది. మొదట ఏమీ లేదు, ఆ తర్వాత వేళ్ల కింద చీమలు పాకినట్టు మొదలై, గొలుసు. గడగడా గడగడా కిందికి. ఉందమ్మా, ఇంకా ఉంది. దాని మీద గిటారు వచ్చి చేరింది, అదే పనిగా మెట్టుమెట్టుగా దిగడం, నీళ్లాయన దిగుతున్నాడు. ఆ పేరు అన్నయ్య పెట్టిందే. అసలు పేరేమిటో, అసలతనికి పేరుందో లేదో అప్పుడు వాళ్లకి తెలీదు. పాటలు ఇంగ్లీషులో ఉన్నాయి, వాళ్ల ఇంగ్లీషు అంతంతమాత్రం, పైగా ఆ పాడేవాళ్లు నోట్లో ఏదో పెట్టుకుని పాడినట్టు పాడతారు. అన్నయ్య పనిచేసే రేడియో రిపేరు దుకాణం ఓనరు ఒకసారి విని, ఎవడో సముద్రం అడుక్కి దిగి తెగిన తంతి కలిపేవాడి కథరా, పాటకి పాట కాదు, మొత్తం కలిపి ఒకటే కథ అని చెప్పాడు. ఆ ముక్క చాలు వాళ్లకి. మిగిలింది చప్పుళ్లని బట్టి తామే అల్లుకున్నారు.

రికార్డు వాళ్లది కాదు. పళ్ల డాక్టరు ఒకాయన తన రికార్డు ప్లేయరు బాగుచెయ్యమని ఇస్తే, పళ్లెం మీద అది అలాగే ఉండిపోయింది, అట్ట లేదు, కవరు లేదు. మధ్యలో కాగితం మీద రెండువైపులా ఒకటే నీలం బొమ్మ, అక్షరాలు అరిగిపోయాయి. పని పూర్తయ్యాక బాగా మోగుతోందో లేదో చూడాలని ఓనరుకి చెప్పి అన్నయ్య ప్లేయరుతో సహా ఇంటికి మోసుకొచ్చాడు. సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. ఒక ఎత్తు పీట మీద స్పీకరు, ఇంకో పీట మీద చేతిరుమాలు చుట్టిన మైకు, దాని తోక ఈ టేప్‌రికార్డరుకి. వైరుతో నేరుగా ఎక్కించుకునే పద్ధతి ఉందని వాడికి తెలుసు, ఆ వైరు దుకాణంలో లేదు, అంతే. కాబట్టి రికార్డు మోగినంతసేపూ ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. కిటికీలు మూశాడు. ఫ్యాను ఆపాడు. అమ్మని వంటింట్లో కూర్చోబెట్టి, కదిలావంటే ఊరుకోను అన్నాడు. "నా ఇంట్లో నన్నే కదలొద్దంటావేంట్రా" అంది అమ్మ. ఆమెకి మాత్రం గుమ్మం దగ్గర కాపలా పని. ఎవరొచ్చినా తలుపు తట్టకముందే తీసి, నోటి మీద వేలు పెట్టి చూపించాలి. ఎంత చెమట పోసిందో ఆ మధ్యాహ్నం. మెడ మీంచి కారి వీపులోకి దిగుతుంటే తుడుచుకోవడానికి కూడా భయం, చెయ్యి కదిలితే గౌను గరగరలాడుతుందేమోనని. అన్నయ్య సూది దింపి, పిల్లిలా వచ్చి ఆమెకి కుడివైపున కూర్చున్నాడు. వాడెప్పుడూ కుడివైపే కూర్చునేవాడు. బస్సులో, భోజనాల దగ్గర, ఎక్కడైనా. ఎవరైనా ఎడమవైపు ఖాళీ ఉందిగా అంటే, నాకిటే గాలొస్తుంది అనేవాడు. ఎడమ చెవి సంగతి బయటివాళ్ల ముందు ఎప్పుడూ ఎత్తలేదు.

వేళ్ల కింద గొలుసు ఆగింది. అడుక్కి చేరాడు. ఇక్కడ వయొలిన్లు ఉండాలి, చేపలు గుంపుగా తిరిగినట్టు ఉంటాయి, ఇప్పుడు లేవు, వాటి చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో ఆమె వాటిని తనే పెట్టుకుంటోంది, ఎక్కడ ఎంత పొడుగో, ఏది ముందో తెలుసు కాబట్టి. బట్ట మీద సుద్దగీత చెరిగిపోయినా కత్తెర దారి తప్పదు, ఎక్కడ మలుపో చేతికి తెలుస్తుంది. అలాగన్నమాట. మరి వింటోందా, గుర్తు చేసుకుంటోందా? ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఈ మధ్య ఆమెకి అంతు చిక్కడం లేదు. నర్సు తలుపు తోసుకుని వచ్చింది. ఆ మూతి అంత గబగబా కదలడం చూస్తే కోపంగా ఉన్నట్టుంది. మరి చక్రం చివరిదాకా తిప్పితే పక్క గదుల్లో ఏం మోగిపోతోందో. కూతురు లేచి వెళ్లి ఏదో చెప్పింది, చేత్తో తన చెవి చూపించింది, తర్వాత మంచం వైపు చూపించింది. నర్సు ఒకసారి ఆమె వంక, ఒకసారి టేప్‌రికార్డరు వంక చూసి, బయటికి వెళ్లి తలుపు బాగా దగ్గరికి వేసింది. అనవసరంగా పిల్ల చేత బతిమాలించానే అనుకుంది ఆమె.

ఈ పిల్లకి ఈ క్యాసెట్టంటే చిన్నప్పుడు ఒళ్లు మంట. అమ్మ మిషను తొక్కుతూ ఇది పెట్టుకుందంటే ఇక అన్నం అడిగినా వినిపించుకోదని. నీళ్ల క్యాసెట్టు అనేది. నీళ్ల క్యాసెట్టు మొదలైందంటే చెవుల్లో వేళ్లు పెట్టుకుని పక్కింటికి పోయేది, ఏనాడూ ఒక్క పాటైనా పూర్తిగా వినలేదు. ఎందుకమ్మా అంత ఇష్టం అని ఒక్కసారైనా అడిగిందా? అడిగే ఉంటుంది. గొంతులు వెళ్లిపోతున్న ఏ రోజుల్లోనో అడిగి ఉంటుంది, తను నవ్వి తల ఊపి ఉంటుంది. ఇలా ఎన్ని ప్రశ్నలకి తల ఊపేసిందో. పిల్లకి కొత్త ఉద్యోగం వచ్చినప్పుడూ అంతే. పెళ్లి సంబంధం ఒకటి వచ్చి తప్పిపోయినప్పుడు, మంచం అంచున కూర్చుని కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు ఏదో చెప్పింది. ఆమె పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. ఒక్క మాట కూడా అందలేదు. మళ్లీ చెప్పమ్మా అనాలి, కానీ ఏడ్చేవాళ్లని మళ్లీ ఏడవమని ఎలా అడుగుతాం. ఆ తర్వాతెప్పుడో పిల్ల ఆమె ఎదురుగా వచ్చి కూర్చుని, గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "నీతో గొడవపడి రెండేళ్లయిందమ్మా. నేనేమన్నా గంగిరెద్దులా తలూపుతావు. నాకు వద్దనేవాళ్లు లేరు. నన్ను తిట్టేవాళ్లు లేరు." ఆ మాటలన్నీ అందాయి. దాని తర్వాతే డాక్టరు, పరీక్షలు, ఆ బొటనవేలూ చూపుడువేలూ.

ఊపిరి మొదలైంది. ఇది ఈ వైపుకి చివరి పాట, అసలు పాట కూడా కాదు, అతని గాలిగొట్టంలో ఊపిరీ, దాని అడుగున గుండె చప్పుడూ. ఊపిరి ఆమెకి అందదు, గుండె అందుతుంది. అరచేతిలో ఒక కోడిపిల్లని పట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. నెమ్మదిస్తుంది ఇప్పుడు. ఇంకా నెమ్మదిస్తుంది. ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నం ఇక్కడికి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఆమె కూడా ఊపిరి బిగబట్టేసింది, నీళ్లాయన చచ్చిపోయాడని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, రికార్డు మీద సూది ఒట్టి గాడిలో తిరుగుతోంది, ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు, అప్పుడు వంటింట్లోంచి ఢాం అని ఇత్తడి మూత. పడి ఊరుకుందా? ఇంటి నేల వాలు కదా, గిరగిరా తిరుగుతూ, తిరిగేకొద్దీ జోరు పెంచుకుంటూ చాలాసేపు మోగి చచ్చింది. అన్నయ్య ముక్కుతో నవ్వాడు, నోరు చేత్తో నొక్కుకున్నా ఆగలేదు. దానికి తోడు అమ్మ, ఊరికే ఉండక, వంటింట్లోంచి, "ఏం పడలేదురా, మీరు కానివ్వండి" అంది. అంతా ఎక్కేసింది. మళ్లీ తీద్దామంటే టైము లేదు, రెండోవైపు ఇంకా ఉంది. రెండోవైపు పెడితే ఏముంది, ఒక ఇల్లు. కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు, పళ్లేలు, పిల్లల నవ్వులు, ఎవరో ఆడమనిషి పనిచేసుకుంటూ తీసే రాగం, వెచ్చగా, ఎండగా ఉండే పాటలు, అన్నిటికీ చివర బరువైన చెక్క తలుపు ధబ్బున మూసుకోవడం. అంతే, రికార్డు అయిపోయింది. అర్థం కావడానికేముంది. నీళ్లాయన అడుగున పడిపోయాడు, ఊపిరి ఆగింది, మూత పడింది, ఆ దెబ్బకి ఉలిక్కిపడి లేచాడు, ఇంటికొచ్చాడు, అందరితో కలిసి అన్నం తిన్నాడు, లోపలికొచ్చి తలుపేసుకున్నాడు. ఎన్నేళ్లు నవ్వుకున్నారో ఈ కథ చెప్పుకుని. ఆయన్ని బతికించింది మనమ్మే అనేవాడు అన్నయ్య. అమ్మ కూడా, నా మూతే లేకపోతే ఆ మహానుభావుడు ఏమైపోయేవాడో అని, ఎవరు ఇంటికొచ్చినా గొప్పలు పోయేది.

అమ్మ పోయి ఏడాది తిరక్కముందే అన్నయ్య ఏదో ఊరు వెళ్లి, ఒక పెద్ద దుకాణంలో అదే రికార్డు కొత్తది, అట్టతో సహా కొనుక్కొచ్చాడు. అట్ట లోపల పాటలన్నీ అచ్చేసి ఉన్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని మొత్తం చదివినట్టున్నాడు, వచ్చీ రాగానే, ఆమె మిషను మీంచి లేవకముందే చెప్పేశాడు. "మనం తిరగేసి విన్నామే. ఇల్లు ముందు, నీళ్లు తర్వాత. ఆ తలుపు అతను లోపలికొచ్చి వేసుకునేది కాదు, బయటికెళ్తూ వేసేది. అతను మళ్లీ రాడు." ఏదో పరీక్ష ఫలితాలు చెప్పినట్టు చెప్పాడు. ఆమెకి అప్పటికి కుడి చెవి శుభ్రంగా వినపడేది, ఇంకోసారి చెప్పమనాల్సిన అవసరం లేకపోయింది. కొత్త రికార్డు పెట్టి వినిపించాడు, ఎంత శుభ్రంగా ఉందో, చేపలు ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తున్నాయి, అయితే ఊపిరి ఆగిన చోట ఏమీ పడలేదు. సూది ఒట్టిగా తిరిగి తిరిగి పైకి లేచిపోయింది. ఇంతేనా? అంతే. వాడు మొగవాడు, పైగా మెకానిక్కు, ఏది ముందో ఏది తర్వాతో తేల్చుకుంటే గానీ వాడికి నిద్రపట్టదు. ఆమె మాత్రం ఊరుకోలేదు. ఎవడు అడిగాడు నిన్ను ఆ అట్ట చదవమని అంది. అమ్మ పోయిన ఇంట్లో ఆ మాట అవసరమా అంది. నిజం నిజమేగా అన్నాడు వాడు. నీ నిజం నువ్వే విను అంది. ఆ తర్వాత రాకపోకలు మానలేదు, మాటలు మానలేదు, నీళ్లాయన మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. కొత్త రికార్డు వాడింట్లో, పాత క్యాసెట్టు ఈవిడింట్లో.

వాడి లివరు పాడైందని తెలిసేసరికే మించిపోయింది. ఆసుపత్రిలో ఇలాంటి గదే, ఇలాంటి ఆకుపచ్చ తెరే, ఆసుపత్రులన్నిటికీ ఒకడే బట్ట అమ్ముతాడేమో. ఆమె ఈ టేప్‌రికార్డరు పట్టుకెళ్లింది. వాడి మనసు నొప్పించడం ఎందుకులే, ఇప్పుడు కాక ఇంకెప్పుడు అని, ఇల్లున్న వైపు ముందు పెట్టింది, వాడి లెక్క ప్రకారం. కుర్చీల చప్పుడు రాగానే వాడు చెయ్యెత్తి వద్దన్నట్టు ఊపాడు. "అది కాదే. మనది పెట్టు." మనది. ఆమె తిప్పి పెట్టింది. కుర్చీ వాడి మంచానికి ఏ పక్కన ఉందో చూసుకుని, లేచి, ఇటు తెచ్చి, వాడు ఆమెకి కుడివైపు వచ్చేలా వేసుకుంది. ఇద్దరూ నీళ్ల అడుక్కి దిగారు. మూత పడింది. వాడికి నవ్వడానికి గొంతులో సత్తువ లేదు, భుజాలు మాత్రం కదిలాయి, టేపులో వాడి నవ్వు, మంచం మీద వాడి భుజాలు, రెండూ కలిసి ఒకే నవ్వు. అమ్మ ఏం పడలేదురా అంది. రెండోవైపు పెట్టింది. సగంలో వాడికి నిద్ర పట్టేసింది. లేపడం ఎందుకులే, రేపు విందాం అని, ఆ ఆడమనిషి రాగం తీస్తుండగా, తలుపుకి కాస్త ముందు ఆపేసింది. ఆ రేపటికి వాడు కళ్లు తెరవలేదు. అప్పట్నించీ ఆ టేపు ఎన్నిసార్లు పెట్టినా అక్కడే ఆపేస్తుంది. తలుపు మూసుకోనివ్వదు. వాడు చివరికి ఏది నమ్మాడో, అతను లోపలికి వచ్చాడనా, బయటికి వెళ్లాడనా, అడగాలనుకుంటూనే ఉండిపోయింది. ఇక అడగడానికి మనిషి లేడు.

గుండె నెమ్మదిస్తోంది అరచేతిలో. ఆమె కుడి చెవిని జల్లెడకి అదిమేసింది. ఇప్పుడు వస్తుంది మూత. ఎంత గట్టిదైనా దానిది సన్నటి చప్పుడు, ఎప్పుడో చేజారిపోయింది. అన్నయ్య నవ్వు కూడా అంతే. అమ్మ గొంతు ఈ మూడిట్లో ముందు పోయింది. అయినా ఇన్నాళ్లూ ఎందుకో ఒక ఆశ, ఈసారి గట్టిగా పెడితే, ఇంకాస్త దగ్గరగా వంగితే అని. ఇదే చివరిసారి కదా, ఒక్కసారి, ఒక్క ముక్క. గుండె ఆగింది. చెయ్యి కింద ఇప్పుడు ఏమీ లేదు, ఒట్టి యంత్రం తిరిగే సన్నటి అదురు. ఒట్టిది. ఒట్టిది. ఏడుపు తన్నుకొచ్చింది. తల ఎత్తింది. అప్పుడు చూసింది, కూతురు ఉలిక్కిపడటం.

కుర్చీలో పిల్ల ఒళ్లంతా ఒక్కసారి అదిరింది. గబుక్కున తలుపు వైపు చూసింది, వరండాలో ఎవరైనా ఏదైనా పడేశారేమో అన్నట్టు. తర్వాత టేప్‌రికార్డరు వంక చూసింది. ఆమె పిల్ల మొహం మీంచి చూపు తిప్పలేదు. తిరుగుతోంది మూత, తిరుగుతోంది, పిల్ల కళ్లు చిన్నవయ్యాయి, ఇంకా తిరుగుతోంది, ఆగింది. ఇప్పుడు నవ్వాలి వాడు. పిల్ల పెదాలు విడివడ్డాయి. మెల్లగా, నమ్మలేనట్టు, ఒక చెయ్యి నోటి దగ్గరికి పోయింది. గుర్తుపట్టింది. ముక్కుతో నవ్వే మనిషి వాళ్లింట్లో ఇంకొకడు లేడు. "మామయ్య" అన్నాయి పెదాలు. ఆమె తల ఊపింది. వెంటనే ఒక వేలు ఎత్తి, ఆగు, ఇంకా ఉంది అన్నట్టు చూపించింది. పిల్ల మొహం మళ్లీ మారింది. ఎవరిదో తెలియని గొంతు వింటున్న మొహం, తన భాషలో, ఈ ఇంగ్లీషు పాటల మధ్యలో, వంటింట్లోంచి. ఎవరు అని కళ్లతోనే అడిగింది. "మీ అమ్మమ్మ" అంది ఆమె. పుట్టకముందే పోయిన అమ్మమ్మ ఏమందో చెప్పనక్కర్లేదు, పిల్ల మొహం నవ్వుతూ ఏడుస్తోంది, అన్నీ అక్కడ ఉన్నాయి, పడ్డదీ, నవ్విందీ, పడలేదన్నదీ. ఒక్క చప్పుడు కూడా పోలేదు. ఇన్నాళ్లూ పిల్లని పక్కింటికి పోనిచ్చి తనొక్కతే దాచుకుని వింది ఆమె. పిల్ల లేచి వచ్చి, మంచానికి అటువైపు జాగా ఉన్నా, ఇటు తిరిగి వచ్చి ఆమె కుడివైపున కూర్చుంది. మామయ్య అలవాటు తెలిసి కూర్చోలేదు. అయినా కుడివైపే.

టేపు తిప్పి పెట్టింది పిల్లే. ఇంటి చప్పుళ్లలో ఆమెకి కుర్చీల ఈడ్పులు తప్ప ఇంకేమీ అందలేదు. పిల్ల భుజానికి ఆనుకుని ఆ భుజం ఎప్పుడు కదులుతోందో, ఎప్పుడు ఊరుకుంటోందో చూసుకుంటూ వింది. కిటికీ అద్దం మీద ఎండ జరిగింది. రాగం తీసే ఆడమనిషి వచ్చినట్టుంది, పిల్ల తల ఒక పక్కకి వాలింది. అప్పుడే తలుపు తెరుచుకుంది, నర్సు, వెనకే చక్రాల మంచం తోసుకుంటూ ఇద్దరు. ఆమె చెయ్యి తనంతట తనే మీట దగ్గరికి పోయింది. పిల్ల ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇంకా అయిపోలేదమ్మా. ఒక్క నిమిషం ఉండమంటాను."

పెదాలు అందాయి. ఆమె తల ఊపబోయింది. ఊపలేదు.

"వద్దు. ఆపెయ్."

"ఎందుకూ? చివరికొచ్చేసింది. ఇంకేదైనా నీకు వినపడుతుందేమో."

"వద్దన్నానా? చెప్తే వినవేంటే నువ్వు."

పిల్ల తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వింది, ఏడ్చి ఎర్రబడ్డ ముక్కుతో, పెద్దగా, నర్సు కూడా తిరిగి చూసేంత పెద్దగా. వేలు మీట మీద పెట్టి నొక్కింది. మోగుతున్న అదురు ఆమె చేతి కింద ఆగిపోయింది.

"సరేలే తల్లీ, ఆపేశా. ఇక్కణ్ణించే వింటాం, నువ్వు బయటికొచ్చాక. మిషను పెట్టాక."

"నాకెలా వినపడుతుందో ఏమో. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుందట."

"ఏది ఏ రాయో నేను చెప్తా."

కళ్లజోడు తీసి పిల్లకిచ్చేసింది. దాంతో పెదాలు కూడా పోయాయి. వరండా పైకప్పు దీపాలు ఒక్కొక్కటీ మసకగా వెనక్కి జరిగిపోతున్నాయి, పక్కనే నడుస్తున్న రంగు పిల్లది, చంకలో నల్లగా ఉన్నది టేప్‌రికార్డరై ఉండాలి. ఒక చోట ఆ రంగు ఆగిపోయింది. ఇంక లోపలికి రాకూడదు కాబోలు. టేపులో ఆ తలుపు తనిక ఈ చెవితో వినదు, ఆ సంగతి ఆమెకి తెలుసు. వాడిని అడగకుండా ఉండిపోయింది కూడా ఇక అలాగే ఉండిపోతుంది. ఆ ఏడుపు ఏడవాల్సిందే, దాన్ని ఎవరూ తీర్చలేరు. చక్రాల మంచం గడప లాంటిదేదో దాటి చిన్నగా ఎగిరింది. వెనక తలుపు మూసుకుంది. చప్పుడు రాలేదు గానీ మంచం పక్క కమ్మి పట్టుకున్న చేతికి దాని దెబ్బ అందింది, ధబ్బున, బరువుగా. పిల్ల నిలబడ్డ వైపు నుంచి చూస్తే ఆమె వెళ్లిపోయింది. ఆమె వైపు నుంచి చూస్తే లోపలికి వచ్చింది. రెండూ ఒకే తలుపు, ఒకేసారి. ఇంతేరా అన్నయ్యా, దీనికా మనం అన్నేళ్లు నీళ్లాయన మాట ఎత్తలేదు.

పెద్ద దీపం కింద మాస్కు వేసుకున్న మొహం ఒకటి వంగింది. గుడ్డ కదులుతోంది, ఏదో అడుగుతున్నాడు. ఎప్పుడూ అయితే తల ఊపేది.

"వినపడలేదండీ" అంది ఆమె. "ఇంకోసారి చెప్పండి."

ఆయన మాస్కు గడ్డం కిందికి లాగి, బాగా దగ్గరికి వంగి, నెమ్మదిగా మళ్లీ అడిగాడు. మొదలుపెట్టమంటారా అని.

"మొదలుపెట్టండి" అంది.